చిరక తాగి తేనె అన్నోడు

"ఎట్టుండాది సార్?" అని అడిగింది డెబోరా.

హెబ్రోను గ్లాసులో అడుగు చుక్క కూడా మిగల్చకుండా తాగేసి, మీసం తుడుచుకోని, "అబ్బ! తేనె!" అన్నాడు.

అంతే. వాకిట్లో ఉన్న జనమంతా నోళ్లు తెరిచి అతన్నే చూసినారు.

ఎందుకంటే అది తేనె కాదు, చిరక. చిరకంటే పులిసి పులిసి చెడిపోయిన ద్రాక్షరసం. టౌనోళ్లు వెనిగర్ అంటారే, దానికి నాయనమ్మ. ఆ జాడీ మూత తీసిన రోజు బిట్రగుంటలో ఆగాల్సిన ప్యాసింజరు ఆగకుండా ముక్కు మూసుకోని కావలికి పొయ్యిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పక్కన హజరత్తయ్య నాలిక మీద ఒక్క చుక్క పడంగానే, "ఓరి నాయనో, సచ్చినాన్రో!" అని కుళాయి కాడికి పరిగెత్తినాడు. హెబ్రోనూ అతనూ కృష్ణపట్నం పోర్టులో క్రేను తోలే జంట. చర్చి యూత్‌తో కలిసి వ్యానులో వచ్చినారు. వచ్చిన పిల్లకాయలందరూ ఆ కుళాయి కాడే దెబ్బలాడుకుంటుండారు. హెబ్రోను ఒక్కడే పెళ్లికొడుకు మాదిరి నవ్వుతా నిలబడుకోనున్నాడు.

డెబోరా కళ్లు చిన్నవి చేసి చూసింది.

"నిజంగానే బాగుండాదా సార్?"

"మీ చేత్తో ఇచ్చినాక బాగుండకుండా ఎట్టుంటాది మేడం?"

"అయితే ఇంకో గ్లాసు తాగండి."

తాగినాడు. "ఇది ఇంకా తీపి!" అన్నాడు.

"సరే సార్. మీకు టూరు అయిపొయ్యింది. గేటు అటుపక్క."

ఈ ఇంటి సంగతి కొంచెం చెప్పాల. బిట్రగుంట రైల్వే కాలనీ చివర్న ఉంటాది. డెబోరా ముత్తాత లోకోషెడ్డులో ఇంజన్లకి బొగ్గేసేవాడు. పెద్ద యుద్ధం నాడు ఖైదీల రైలొకటి ఇంజను మార్చుకోడానికి ఇక్కడ ఆగితే, కిటికీలోనుంచి ఇటలీ సోల్జరొకడు దాహం అన్నాడంట. ఈయన నీళ్లిచ్చినాడు. ఆ ఇటలీ ఆయన ఊరికే తాగి పోలా. మా ఇంట్లో తాతలనాటినుంచీ ద్రాక్షరసం పనే, నీకు నేర్పించి పోతా అని, ఇంజను మార్చేలోపల చేతి సైగల్తోనే విద్యంతా చెప్పేసినాడంట. భాష రాకుండా ఎట్టా అర్థమయ్యిందని అడగబాకండి. అర్థమయ్యింది కాబట్టే కావలినుంచి గూడూరు దాకా చర్చిల్లో ప్రభువు బల్ల ఆరాధన నాడు రొట్టెతో పాటు ఇచ్చే రసం ఈ ఇంటిదే. కాచి, వడబోసి, జాడీల్లో పోసేది. మత్తుండదు, మంచితనం ఉంటాది.

టూరు పెట్టాలన్న ఆలోచన డెబోరాది. ఇటలీలో ఇట్టాంటి ఇళ్లోళ్లు వచ్చినోళ్లని తోటంతా తిప్పి, గాజుగ్లాసుల్లో రుచి చూపించి పంపిస్తారని ఫోన్లో చూసింది.

"మనమూ పెడదాం అవ్వా."

"తోటేదే మనకి?" అన్నది అవ్వ ఆనందకుమారి.

"ద్రాక్షలు లారీలో వస్తాయి గదా. లారీ చూపిద్దాం."

అవ్వ ఒప్పుకునింది గాని, తన కట్టుబాటు ఒకటి పెట్టింది. మొదటిసారి వచ్చినోడికి మొదటి గ్లాసు చిరకే ఇయ్యాల. మూతి వంకర పెట్టి "ఇదేందమ్మా" అన్నోడికి లోపల మంచి రసం. "బో బాగుండాది" అన్నోడికి సీసా కూడా అమ్మేది లేదు. దేవుడి బల్ల మీదకి పొయ్యే వస్తువు. పొగిడే నోళ్లని నమ్ముకుంటే ఏదో ఒకనాడు చెడిన జాడీ చర్చిలోకి పోతాది. అదీ అవ్వ లెక్క.

పాపం, హెబ్రోనుకి ఇదంతా తెలీదు. డెబోరా జాడీల మధ్య నిలబడి చెప్తా ఉంటే, అతను మాటలు ఇనలా, ఆ పిల్ల చెవి ఎనక నిలవని జుట్టునే చూస్తా ఉన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో హజరత్తయ్య తలకాయ కొట్టుకున్నాడు.

"ముక్కు పనిచెయ్యదని ఆ పిల్లకి చెప్పేస్తే పొయ్యేది గదబ్బా!"

అదీ అసలు సంగతి. కరోనా జొరం వచ్చి పొయ్యినప్పటినుంచి హెబ్రోనుకి వాసన తెలీదు, రుచి తెలీదు. బిర్యానీ అయినా బియ్యం కడిగిన నీళ్లయినా ఒకటే. పక్కోళ్ల మొహాలు చూసి బాగుండాదా లేదా అని కనిపెట్టేవాడు. ఆరోజు పక్కోళ్ల మొహాలు చూడలా, డెబోరా మొహం చూసినాడు. అక్కడ దెబ్బయిపొయ్యింది.

"చెప్తే? కావలి సంబంధం ఏమయ్యింది?" అన్నాడు హెబ్రోను.

కావలి సంబంధం వాళ్లకి నిజమే చెప్పినారు. పిల్ల తండ్రి, "గ్యాసు లీకయినా తెలుసుకోలేనోడికి మా పిల్లని ఇయ్యం" అని లేచి పొయ్యినాడు. ఆనాటినుంచి హెబ్రోను తల్లి లిల్లీ, పెళ్లయ్యేదాకా ఈ మాట నోట్లోనుంచి రానియ్యనని కొడుకు కాడ మాట తీసుకునింది.

"అయితే ఈ పిల్లని మర్చిపో."

"మర్చిపోను. ఈ పిల్లనే చేసుకుంటా."

"గేట్లోకే రానీదు నిన్ను!"

"మళ్లా శనివారం వస్తా. ఆ పై శనివారం కూడా వస్తా. ఆమె గేటు అరగాల గాని నా కాళ్లు అరగవు."

హజరత్తయ్య కొంచేపు గెడ్డం గోక్కున్నాడు. "అయితే ఒకటి చెయ్యి. ఈ తూరి గ్లాసు నోటి కాడికి రాంగానే ఛీ అను. థూ అను. అందరం అట్టనే గదా అన్నాం."

ఈ సలహా ఇచ్చిన నోటికి ఆరోజే కుట్లేసుంటే బాగుండేది.

శనివారం హెబ్రోను ఇస్త్రీ చొక్కా ఏసుకోని, హజరత్తయ్యని ఎంటబెట్టుకోని గేటు కాడ దిగినాడు.

"మళ్లా వచ్చినారా?" అన్నది డెబోరా.

"నాకు టూరు సగంలో ఆపేసినారు గదా మేడం. మిగతా సగం బాకీ ఉండాది."

డెబోరాకి నవ్వొచ్చింది. పంటి కింద ఆపుకునింది. ఈ తూరి హెబ్రోను ప్రతి మాటా ఇన్నాడు. పన్నీరు ద్రాక్షలు మద్రాసు కోయంబేడు మార్కెట్టునుంచి ఎట్టొస్తాయో, కాడలు ఎట్టా తీస్తారో, గుడ్డలో ఎట్టా వడబోస్తారో అడిగి అడిగి తెలుసుకున్నాడు. తను క్రేనుతో బొగ్గూ గాజుసామానూ ఎట్టా దించుతాడో కూడా చెప్పినాడు.

"ఇటలీలో కాళ్లతో తొక్కతారంట గదా మేడం. ఇక్కడ ఎవురు తొక్కతారు?"

"మా అవ్వకి మోకాళ్ల నొప్పులు. చేత్తోనే పిసుకుతాం. మీరొచ్చి తొక్కతారా?"

"మీరు ఊ అనండి, ఇప్పుడే ప్యాంటు మడిచేస్తా."

ఈ తూరి నవ్వు ఆగలా. పకపకా నవ్వేసింది. ఆ నవ్వుకి ఇంటిమీద పావురాలన్నీ లేచి అల్లూరు దాకా పొయ్యి తిరిగొచ్చినాయి.

డెబోరా లోపలికి పొయ్యి గాజుగ్లాసు నిండా తెచ్చింది. రెండు చేతుల్తో పట్టుకోని ఇచ్చింది. ఆ రెండు చేతులు చూసైనా హెబ్రోనుకి బుద్ధి రావాల్సింది. రాలా.

పెదిమలకి తగిలిందో లేదో, "ఛీ! ఛీ! చిరక!" అని కరేపాకు చెట్టు మొదట్లో ఉమ్మేసినాడు. "పేగులు మాడిపొయినాయి మేడం! ఇంత పులుపు నా జన్మలో తాగలా!" హజరత్తయ్య వైపు చూసి కన్ను కూడా కొట్టినాడు.

ఎవురూ నవ్వలా. కుర్చీలో ఉన్న అవ్వ చేతిలో ఇసనకర్ర ఆగిపొయ్యింది.

"అది చిరక కాదు," అన్నది డెబోరా. "చిరక మొదటిసారి వచ్చినోళ్లకే. ఇది నా జాడీ. అవ్వ చెయ్యి పెట్టకుండా నేనొక్కదాన్నే చేసింది. బయటోళ్లకి ఎవురికీ ఇయ్యలా. మీకే ముందు ఇచ్చినా."

హెబ్రోను గ్లాసు అవ్వ ముందర పెట్టేసినాడు.

అవ్వ ఆ గ్లాసులో మిగిలింది తీసుకోని చప్పరించింది. "బంగారం మాదిరి ఉండాది గదే."

"చెడిపోయిందాన్ని తేనె అంటాడు. మంచిదాన్ని ఉమ్మేస్తాడు. ఈ మనిషి నోటికి నిజమనేదే తెలీదవ్వా!" అని డెబోరా లోపలికి పొయ్యి తలుపేసుకునింది.

హజరత్తయ్య మెల్లగా, "తప్పు నాదేలే అబ్బయా," అన్నాడు.

ఆ వారమంతా క్రేనులో కూర్చోని బొగ్గు దించుతానే ఉన్నాడు గాని, మనసు కరేపాకు చెట్టు కిందే ఉండిపొయ్యింది. "అబద్ధం చెప్పి రెండుసార్లు ఓడిపొయినా హజరత్తయ్యా. ఓడిపోతే ఈ తూరి నిజం చెప్పి ఓడిపోతా," అన్నాడు. అమ్మకి ఇచ్చిన మాట పోతాది. పిల్ల కూడా పోవచ్చు. అయినా పోవాల్సిందే అనుకున్నాడు.

శనివారానికి సముద్రంలో వాయుగుండం పట్టింది. వానంటే మామూలు వాన కాదు. బోగోలు రోడ్డు మీద చేపలు వరసలో నడిచి వాటంతట అవే సంతకి పొయినాయి. ఆ వానలో టూరు లేదని డెబోరా గేటుకి తాళం కూడా ఏసింది.

గేటు బయట హెబ్రోను గొడుగు లేకుండా నిలబడుకోనుండాడు.

"ఎవురే అది?" అన్నది అవ్వ.

"ఆ అబద్ధాలోడు. నిలబడనీ. వానకి వాడే పోతాడు."

వాన పెరిగింది. అతను పోలా. ఇంకొంచేపటికి డెబోరానే గొడుగేసుకోని వచ్చింది. తాళం తియ్యలా. కమ్ములకి ఇవతల నిలబడింది.

"ఏం కావాల?"

"నాకు వాసన తెలీదు," అన్నాడు. "రుచి కూడా తెలీదు. కరోనా నాడు పొయ్యింది, మళ్లా రాలా. మొదటిరోజు నీ మొహం చూసి తేనె అన్నా. రెండోరోజు ఇది కూడా చిరకే అనుకోని ఛీ అన్నా. నీ జాడీ బాగుందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు డెబోరా. అదొక్కటే నిజం."

"ముందే చెప్పొచ్చు గదా?"

"చెప్తే ఒక సంబంధం పొయ్యింది. మా అమ్మ భయపడింది. నేనూ భయపడినా."

డెబోరా తాళంచెవి బయటికి తీసింది. "నమ్మేదెట్టా?" అని తాళం తీసింది.

వరండాలో అవ్వ ముందర కూర్చోబెట్టి మూడు గ్లాసులు పెట్టింది. ఏది ఏందో చెప్పలా. ఒకటి చిరక. ఒకటి తన జాడీది. ఇంకోటి అవ్వ మోకాళ్లకని కాచుకున్న నేలవేము కషాయం. ఆ కషాయం చుక్క పడితే పాము కూడా పుట్టలో దూరి ప్రార్థన చేసుకుంటాది.

హెబ్రోను మొదటిది తాగినాడు. "నాలిక మీద కొంచెం గరగరా ఉండాది. ఏందో తెలీదు."

రెండోది తాగినాడు. "ఇది చల్లగుండాది. తెలీదు."

మూడోది కషాయం. నీళ్లు మాదిరి తాగి, ఖాళీ గ్లాసు పెట్టి, "ఇది వెచ్చగుండాది. ఇదీ తెలీదు," అన్నాడు. కనుబొమ్మ కూడా కదల్లా.

అవ్వ నిటారుగా కూర్చునింది. "మే డెబోరా! ఈ వాకిట్లోకి పాస్టర్లొచ్చినారు, ఆఫీసర్లొచ్చినారు, డాక్టర్లొచ్చినారు. తెలీకపోయినా తెలుసన్నోళ్లే గాని, తెలీదు అన్న మగోడు ఒక్కడు రాలేదు. ఈ పిల్లోడు మూడుసార్లు అన్నాడు."

డెబోరా తన జాడీదైన రెండో గ్లాసు మళ్లా నింపుకోని వచ్చి, అతని ఎదురుగా కింద కూర్చునింది.

"నేను చేసింది ఏదీ నీకు జీవితమంతా తెలీదు గదా," అన్నది. మీరు పొయ్యి నువ్వు ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలీలా.

"నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా."

"ఎట్టా చెప్పేది?"

"ఎట్టయినా."

డెబోరా ఒక గుక్క తాగి కళ్లు మూసుకునింది. "ముందర తీపి. దబ్బన పడే తీపి కాదు. నువ్వు క్రేనుతో గాజుసామాను దించుతావే, అట్టా మెల్లంగా దిగుతాది. మధ్యలో ఎండలో ఆరేసిన గుడ్డ వెచ్చగా మొహానికి తగిలినట్టు ఉంటాది."

"ఆఖర్లో?"

"ఆఖర్లో కొంచెం వగరు." కళ్లు తెరిచి అతన్ని చూసింది. "పొమ్మన్నా పోదు. గేటు కాడ తడుస్తా నిలబడుతాది."

హెబ్రోను ఆ గ్లాసు తీసుకోని, ఆమె తాగిన పక్కనుంచే తాగినాడు. చాలాసేపు నోట్లో పెట్టుకోని మింగినాడు.

"ఏమన్నా తెలిసిందా?" అన్నది.

"రుచి తెలీలా," అన్నాడు. "నువ్వు చెప్పింది మాత్రం మొత్తం తెలిసింది."

అవ్వ గట్టిగా దగ్గింది. "సరే సరే. మీ అమ్మకి ఫోన్ కలుపబ్బయా."

హెబ్రోను స్పీకర్లో పెట్టినాడు. ముత్తుకూరునుంచి లిల్లీ గొంతు, "ఏం నాయనా? యాడుండావు ఈ వానలో?"

"అమ్మా, నీకు చెప్పిన బిట్రగుంట పిల్ల ఇంట్లో ఉండా. ముక్కు సంగతి చెప్పేసినా."

అటుపక్క గుండెలు బాదుకున్న చప్పుడు వానని కూడా మింగేసింది. "అయిపొయ్యింది! ఈ సంబంధం కూడా పొయ్యిందిరా దేవుడా!"

అవ్వ ఫోను లాక్కునింది. "పోలేదమ్మా, కుదిరింది. మీవోడికి ముక్కు లేకపోయినా మాకు ఇబ్బంది లేదు, మా ఇంట్లో ముక్కులు చాలానే ఉండాయి. ప్రధానానికి మంచిరోజు మీరు చూస్తారా, నన్ను చూడమంటారా?"

లిల్లీ భయం భయంగా, "పెద్దమ్మా, మీకు సరేగాని, పిల్లకి నా కొడుకు నచ్చినాడా?" అన్నది.

హెబ్రోను ఖాళీ గ్లాసు గట్టిగా పట్టుకోని నేల చూస్తుండాడు.

డెబోరా ముందుకు వంగి, ఫోను దగ్గరికి నోరు పెట్టి చెప్పింది.

"నచ్చినాడు అత్తా."