స్టూలు మీద నూగు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. తలుపు వేయొద్దు, తీసే ఉంచండి. ఈ కథకి బయటి చీకటి కూడా కాస్త కనబడాలి.

కాలవ గట్టున వెన్‌చెంగ్ మేజోళ్ల కార్ఖానా వెనకాల రేకుల షెడ్డు ఉంది చూశారూ... ఇప్పుడు అందులో సైకిళ్లు పెట్టుకుంటున్నారు. ఒకప్పుడు పొద్దుగూకితే మన షెతౌ ఊళ్లో ఎవరూ ఆ దారిన నడిచేవారు కాదు. చేపలమ్మే ముసలి త్సాయ్ కూడా బండి తోసుకుంటూ చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఎందుకంటే లోపల మిషను ఆడేది. కరెంటు తీసేసిన మిషను!

టక్... టక్... టక్...

అది వెన్‌చెంగ్ వాళ్లమ్మ యూతావ్ నడిపిన, మేజోళ్లు అల్లే మిషను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆవిడ దాని ముందే రేకు స్టూలు మీద కూర్చుంది. అన్నానికి పిలిస్తే లేచేది కాదు. "ఈ జత అయ్యాక" అనేది. ఆ జత అయ్యేది, ఇంకో జత మొదలయ్యేది, అన్నం చల్లారిపోయేది. ఒక ఏడాది వసంతంలో ఓ సాయంత్రం పిలిచినా అదే మాట అంది... అదే ఆఖరి మాట. చేతిలో మేజోడు ఒక్కటే ఉంది.

వేసవికి వెన్‌చెంగ్ కంప్యూటరు మిషన్లు దించాడు. దారం పెడితే చాలు, ముందు మనిషి అక్కర్లేదు, రాత్రంతా వాటంతటవే అల్లుతాయి. పాతదాని ముందు అగరొత్తులు వెలిగించి, "ఇన్నాళ్లూ మాకు అన్నం పెట్టావు, ఇక సెలవు" అని దండం పెట్టి షెడ్డులోకి నెట్టించాడు. గోనె కప్పి, పైన స్టూలు పడేశాడు. పాత ఇనుము లారీ వచ్చేలోగా ఏడో నెల రానే వచ్చింది. దెయ్యాలు తిరిగే నెలలో అలాంటివి ఎవరు కదుపుతారు? అది అక్కడే ఉండిపోయింది.

చప్పుడు మొదలైంది అప్పుడే.

ఆ నెల ఆఖరి సాయంత్రం. తెల్లారితే లారీ వస్తుంది. యూతావ్ ఆడపడుచు ఖిమ్ — నాకీ సంగతంతా చెప్పింది ఆవిడే — మేనల్లుణ్ణి నిలదీసింది.

"ఒరేయ్, మిషను వెళ్లిపోతోందని చెప్పావా?"

"చెప్పాను కదత్తా, దండం పెట్టి మరీ చెప్పాను."

"మిషనుకి చెప్పావు. దాని ముందు కూర్చున్న మనిషికి చెప్పావా?"

ఇంట్లో ఏం మారినా పోయిన పెద్దల పీఠం ముందు అగరొత్తి పట్టుకుని చెప్తాం కదా... పిల్లాణ్ణి బళ్లో వేసినా, పొయ్యి మార్చినా. హడావుడిలో వాడది మరిచిపోయాడు.

"రేపు దాన్ని కొలిమిలో వేస్తార్రా," ఖిమ్ గొంతు తగ్గించింది. "మీ అమ్మ ఇంకా దాన్ని వదలకుండా కూర్చుని ఉంటే...?"

"భయపెట్టకత్తా!"

"నువ్విక్కడే ఉండు, పిరికి వెధవా. నేను పిలుచుకొస్తా."

రోజూలాగే మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. ఖిమ్ టార్చి పట్టుకుని షెడ్డు తలుపు తోసింది. లోపల...

టక్... టక్...

"వదినా," అంది మెల్లగా. "ఇది వెళ్లిపోతోంది. లే."

టక్...

"ఈ జత అయ్యాక అనకు. ఇక జతల్లేవు. లోపలికి కొత్తవి వచ్చాయి, నీ కొడుకే తెచ్చాడు. నీ స్టూలు నేను పట్టుకెళ్తున్నా... నా వెనకే రా."

చెయ్యి చాచి స్టూలు ఎత్తింది.

చప్పుడు ఆగిపోయింది!

ఖిమ్ ఊపిరి బిగబట్టింది. ఇంతలో మణికట్టు మీద చల్లగా ఏదో తాకింది. టార్చి పైకెత్తింది...

కప్పులో చిల్లు. అందులోంచి వాన నీళ్లు! ఇన్నాళ్లూ రేకు స్టూలు మీద పడి టక్కుమన్న చుక్క, ఇప్పుడు గోనె మీద పడి చప్పుడు చేయట్లేదు. అంతే!

నవ్వీ నవ్వీ ఆవిడ కళ్లలో నీళ్లొచ్చాయి. వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ వెన్‌చెంగ్, "మా అమ్మ చినుకై పుట్టిందా అత్తా?" అని ఎగతాళి చేశాడు.

"పుడితే పుట్టింది. స్టూలు తెస్తానని మాటిచ్చాను." తడి స్టూలుని తీసుకెళ్లి కొత్త మిషను ముందు పెట్టింది. వెన్‌చెంగ్ షట్టరు దించి తాళం వేశాడు. లోపల మిషన్లు వాటి పని అవి చేసుకుంటూ పోయాయి.

పొద్దున్నే ఇద్దరూ వచ్చి షట్టరు ఎత్తారు.

మేజోళ్లు అల్లేచోట దూది నూగు ఎలా రాలుతుందో మీకు తెలుసు. రాత్రంతా రాలి అంతా తెల్లబడింది... నేల, అరలు, గోడ మీది క్యాలెండరు. స్టూలు అంచులు కూడా. తడి స్టూలు కదా, దానికి ఇంకా ఎక్కువ అంటుకోవాలి. కానీ మధ్యలో...

మధ్యలో ఒక్క పోగు లేదు. ఒక మనిషి కూర్చునేంత మేర... శుభ్రంగా ఉంది.

"తుడిచావా అత్తా?"

"తాళం నీ దగ్గరే ఉంది కదరా..."

బయట లారీ హారన్ కొట్టింది. వెన్‌చెంగ్ వెళ్లి పాత మిషను ఎక్కించి పంపేశాడు. ఆ మిషను ముందు ఇప్పుడు ఎవరూ లేరని వాడికి తెలిసిపోయింది.

ఆ సాయంత్రం వాడు స్టూలు దగ్గర నిలబడి, "అమ్మా, అన్నానికి రా," అన్నాడు. ఇప్పటికీ రోజూ పిలుస్తాడు. పొద్దున చూస్తే స్టూలు మధ్యలో నూగు ఉండదు. ఆవిడ ఇంకా లేవలేదన్నమాట.

అదుగో, మీ అమ్మలు పిలుస్తున్నారు. లేవండి, లేవండి. "ఇంకో కథ అయ్యాక" అనకండి. మొదటి పిలుపుకే వెళ్లి, వేడివేడిగా అన్నం తినండి.