పన్నెండింటికి నేల తాకని పెట్టె

కస్టమ్స్ ఆఫీసర్ జోజయ్య శవం మేరో దీవి జెట్టీ స్తంభాలకి ఆనుకుని తేలుతోంది. కోటు జేబులో ఎవరో సగం ఖాళీ అయిన విస్కీ సీసా దోపారు. దోపినవాళ్ళకి ఒక్కటే తెలీదు. కాకినాడ నుంచి సిడ్నీ దాకా ఆయన జన్మలో పుచ్చుకున్న మద్యమంతా కలిపినా, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే గుక్కెడు గుక్కెడే.

కాన్‌బెర్రా. 1991 జూన్ 29.

"తాగి పడ్డాట్ట. రిపోర్టు టైపు కూడా అయిపోయింది," అన్నాడు చీఫ్ వాసుదేవరావు.

"మీరు నమ్మారా సార్?" అడిగాడు ఏజెంట్ అచ్యుత్.

"నమ్మితే నిన్నెందుకు పిలుస్తానోయ్, నీ అందం చూడ్డానికా?"

అచ్యుత్ కస్టమ్స్ ఇంటెలిజెన్స్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. వెయ్యని వేషం లేదు. ఏ వేషంలోనూ పొట్ట మాత్రం దాగలేదు.

చీఫ్ మ్యాప్ మీద వేలు పెట్టాడు. "మేరో దీవి. మొన్నటిదాకా ఒక కొబ్బరి కంపెనీ సొంతం. పోయిన ఏడాది మన ఆస్ట్రేలియా గవర్నమెంట్ కొంది. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండింటికి జెండా ఎగరేసి తోపు పేలుస్తారు. ఆ క్షణం నుంచి కస్టమ్స్, రెవెన్యూ చట్టాలు అక్కడ అమల్లోకొస్తాయి."

"అప్పటిదాకా?"

"పెట్టె తెరవడానికి మనకి పవర్ లేదు."

"తర్వాత తెరుద్దాం."

"తర్వాతా వీల్లేదు. క్లాజ్ సెవెన్. తోపు పేలే క్షణానికి దీవి నేల మీదున్న సరుకంతా లోకల్ సరుకు. ముద్ర కొట్టి సిడ్నీకి పంపడమే. నో చెకింగ్."

"అంటే ముందు చట్టం లేదు, తర్వాత అడ్డం లేదు!"

"అదే వాళ్ళక్కావాల్సింది. ఒక విదేశీ ముఠా ఆరు నెర్వ్ గ్యాస్ సిలిండర్లు అక్కడికి చేర్చింది. కొబ్బరినూనె షెడ్డులో నలభై పెట్టెలున్నాయి, వాటిలో ఎక్కడో. జోజయ్య వాటి దగ్గరికి వెళ్ళాడు. సిడ్నీ స్టేషన్‌లో ఆఫీసు టైముకి ఒక్క సిలిండర్ విప్పితే..." చీఫ్ మ్యాప్ మడిచాడు. "అక్కడ మన మనిషి కరోలిన్. లీగల్ ఆఫీసర్. నువ్వు 'తేగలు దొరుకుతాయా' అనాలి. ఆవిడ 'ఇక్కడ కొబ్బరే' అంటుంది."

*

మేరో చుట్టూ పగడపు దిబ్బలు. పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు. సరుకుని బార్జ్ అనే బల్లపరుపు పడవ మీద వేసుకెళ్ళి ఓడకి ఎక్కించాలి. జూలై ఒకటి ఉదయం ఆ బార్జ్ డ్రైవర్ కడుపునొప్పితో మంచమెక్కాడు. అతని టీలో పడిందేమిటో అచ్యుత్‌కే తెలుసు. చిరుగుల టోపీ పెట్టుకుని తనే డ్రైవరయ్యాడు.

జెట్టీ మీద తెల్లటి గౌను, నల్ల కళ్ళద్దాలు. చూపు తిప్పుకోవడం కష్టమే.

"తేగలు దొరుకుతాయాండీ?"

"ఇక్కడ కొబ్బరే," అని నవ్వింది కరోలిన్. గొంతు తగ్గించి, "జోజయ్య అంకుల్ సంగతి వెరీ శాడ్. బాగా తాగేవారు పాపం."

అచ్యుత్ మొహం మీద నవ్వు చెదరలేదు. చర్చిలో గుక్కెడు తప్ప జోజయ్య చుక్క ముట్టడని అతనికి తెలుసు.

"ప్లాన్ ఏంటి?" అందామె.

"ఏముందండీ, ప్రార్థనే," అన్నాడు.

పదకొండున్నర. అచ్యుత్ షెడ్డు వెనక నక్కి వాకీటాకీ తీశాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గొంతు మార్చే పరికరానికి బ్యాటరీ అయిపోయింది. ముక్కు పట్టుకుని ఓడ కెప్టెన్‌లా ఇంగ్లీషులో అరిచాడు. "ఆటు వచ్చి నీళ్ళు తీస్తున్నాయి! ఇప్పుడే లోడ్ చెయ్యకపోతే ఓడ వెళ్ళిపోతుంది!"

కాపలావాళ్ళు హడలిపోయారు. పది నిమిషాల్లో నలభై పెట్టెలూ బార్జ్ ఎక్కాయి. అచ్యుత్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేల వెనక్కి జరిగింది.

పదకొండూ నలభై ఎనిమిది. వెనక స్పీడ్‌బోట్ చప్పుడు. కరోలిన్ బార్జ్ మీదకి దూకింది. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"వెనక్కి తిప్పు."

"ఎందుకండీ? ఎలాగూ ఓడెక్కాల్సిన సరుకేగా?"

"పన్నెండింటికి నేల మీదుండాలి. నీకు తెలుసు."

"క్లాజ్ సెవెన్ రాసిందెవరు?"

"నేనే."

"అంకుల్‌ని?"

"ఆయన పెట్టె మేకులు పీకుతూ దొరికాడు. ముసలాళ్ళకి రూల్స్ తెలుసు, బతకడం తెలీదు. తిప్పు!"

"ఈ బండి రివర్స్‌కి కాస్త పేచీ పెడుతుందండీ..."

పిస్టల్ దగ్గింది. అచ్యుత్ ఎడమ భుజం చీలింది. కూలబడ్డాడు. ఆమె చుక్కాని లాక్కుని జెట్టీ వైపు తిప్పింది.

ఒడ్డున జెండా పండుగ. పోలీసులంతా గుట్ట మీద వరసగా నిలబడి తోపు వైపే చూస్తున్నారు. జెట్టీ దగ్గర ముఠా మనుషులే.

పదకొండూ యాభై తొమ్మిది. బార్జ్ జెట్టీకి గుద్దుకుంది.

"ఆ ఎర్ర గీత పెట్టె! అదొక్కటి దించండి చాలు!" అరిచింది కరోలిన్.

ఏ పెట్టెలో ఉన్నాయో ఆమె నోటితోనే తెలిసింది. క్రేన్ కొక్కెం తగిలించారు. పెట్టె గాల్లోకి లేచింది, జెట్టీ మీదకి తిరిగింది, దిగసాగింది.

అచ్యుత్ లేచాడు. కుడి చేత్తో పెట్టె కింది తాడు పట్టుకుని, రెండు కాళ్ళూ జెట్టీ స్తంభానికి తన్నిపెట్టి ఎదురు లాగాడు. భుజంలోంచి నెత్తురు చొక్కా మీదుగా నీళ్ళలోకి కారుతోంది. పెట్టె బార్జ్ వైపు ఊగింది, కానీ దిగడం ఆగలేదు.

ఆమె గురి పెట్టింది. రెండో గుండు టోపీని ఎగరేసింది.

నేలకి జానెడు. బెత్తెడు. రెండు వేళ్ళు.

ఢాం!

గుట్ట మీద తోపు పేలింది. అచ్యుత్ తాడు వదిలేశాడు. పెట్టె ధబ్బున నేల మీద పడింది, చట్టం వచ్చాక.

గుట్ట దిగుతున్న పోలీసులకి నెత్తురోడుతున్న డ్రైవరూ, అతని మీద గురిపెట్టిన పిస్టలూ కనబడ్డాయి. పరుగెత్తుకొచ్చారు. కరోలిన్ చేతులు పైకెత్తింది. పెట్టె తెరిస్తే ఆరు సిలిండర్లూ కొబ్బరి పీచులో పడుకుని ఉన్నాయి, ఉయ్యాల్లో పసిపిల్లల్లా.

"అది లోకల్ సరుకు," అంది, పళ్ళు బిగించి.

"కాదు మేడమ్. సముద్రం మీంచి ఇప్పుడే దిగింది. ఇంపోర్ట్," అన్నాడు అచ్యుత్. స్పృహ తప్పేముందు మర్యాదగా కస్టమ్స్ ఫారం అందించాడు. "డిక్లేర్ చేస్తారా?"

*

రెండు రోజుల తర్వాత ఆసుపత్రి మంచం మీంచి సిడ్నీ శివారు టూంగాబీకి ఫోన్ చేశాడు. ఎత్తింది జోజయ్య భార్య రూత్.

"తాగి పడలేదాంటీ. కరోలిన్ ఒప్పుకుంది. రిపోర్టు చింపించాను."



"నాకు తెలుసు బాబూ. కానీ నిన్న ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారు. అక్కడ అప్పటికింకా చట్టమే లేదంట, కాబట్టి ఆయన డ్యూటీలో ఉన్నట్టు కాదంట."



"నిజమే ఆంటీ. ఆయన చట్టం కంటే కాస్త ముందే డ్యూటీ మొదలెట్టేశారు."