బడిసంచిలో ఫోను

ఉదయం ఏడున్నరకి బడిసంచిలోంచి ఫోను అలారం మోగింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు బూట్ల తాడు కట్టుకుంటూ కట్టుకుంటూ బిగుసుకుపోయింది. తండ్రి టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఇరవై ఏళ్లుగా లేతు మిషను మీద ఇనుము చెక్కుతున్న మనిషి. చేతులు మొరటువి, కోపం అంతకంటే మొరటుది.

"బడికి ఫోను తీసుకెళ్తున్నావా? తేవద్దని వాళ్లు కాగితం మీద రాసి పంపలేదూ? ఎవడితో మాట్లాడుతున్నావే?"

"ఎవరితోనూ లేదు నాన్నా..."

చెంప ఛెళ్లుమంది. తల్లి తడిచేతులతోనే వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"దాన్నెందుకు కొడతారు? అది నా పాత ఫోను. బస్సు తప్పితే కబురు చేస్తుందని నేనే ఇచ్చాను."

"మా షాపులో ఒకడు ఫోను చూస్తూ మిషన్లో చెయ్యి పెట్టి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. దీని చదువూ అలాగే తెగిపోతుంది!"

పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీశాడు. మూడు దెబ్బలు. గాజుముక్కలు గదంతా చిమ్మాయి. అడ్డం వచ్చిన భార్యని ఒక్క తోపు తోస్తే ఆమె మోచెయ్యి తలుపుకి గీరుకుని రక్తం వచ్చింది.

"మీకు నోరెందుకండీ, ఆ సుత్తి ఉందిగా" అందామె.

కూతురు ఏడవలేదు. సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కడానికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బడి నుంచి షాపుకి ఫోనొచ్చింది. నూనె మరకల బట్టలతోనే పరుగున వెళ్లాడు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో బల్ల మీద కూతురు. నుదుట దూది, కాలరంతా రక్తం, కింది పెదవి ఉబ్బిపోయి ఉంది. గోడ వారగా పదో తరగతి పిల్ల ఒకతె తల దించుకుని నిలబడింది.

"మరుగుదొడ్ల దగ్గర ముగ్గురు కలిసి మీ పాప తలని కుళాయికేసి కొట్టారు. మిగతా ఇద్దరి ఇళ్లకీ కబురు పెట్టాను" అంది హెడ్‌మిస్ట్రెస్.

"రెండు నెలలుగా కొడుతున్నారు నాన్నా" అంది కూతురు మెల్లగా. "వీపు మీద. బయటికి కనపడకుండా. పోయిన వారం ఫోను చూపించి వీడియో తీస్తానన్నాను. అప్పట్నుంచి దగ్గరికి రాలేదు. ఇవాళ సంచి వెతికారు. ఫోను లేదని తెలిసిపోయింది."

అతను కూతురి వీపు వంక చూశాడు.

"ఫోన్లు రానిస్తే కొట్టేవాళ్ల చేతుల్లోనూ అవే ఉంటాయి" అంది హెడ్‌మిస్ట్రెస్. "ఈ దెబ్బల్ని వాళ్లే వీడియో తీసి ఊరంతా తిప్పుతారు. అందుకే వద్దన్నాం. కానీ రెండు నెలలు నా కళ్లు ఏమయ్యాయో!"

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు తండ్రి.

"చెబితే ముందు నన్నే కొడతావుగా."

ఆ మాటకి అతని కళ్లు ఎర్రబడ్డాయి. ఎవరినో ఒకరిని కొట్టి తీరాలనిపించింది. ఒక్క అంగలో వెళ్లి గోడ వారనున్న పిల్ల కాలరు పట్టుకుని గోడకేసి అదిమాడు. చెయ్యి లేచింది. హెడ్‌మిస్ట్రెస్ కేక పెట్టింది. ఆమె కంటే ముందే కూతురు లేచొచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దు నాన్నా. ఈ చెయ్యి పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. దానికి కూడా వద్దు."

అతని వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. ఆ పిల్ల గోడ వెంబడి జారి కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆస్పత్రిలో నాలుగు కుట్లు పడ్డాయి. తల్లి పనిలోంచి వచ్చి కూతురిని పొదివి పట్టుకుంది. మొగుడి వంక చూడలేదు.

"ఇంకోసారి మీ చెయ్యి లేచిందంటే, నేనూ నా కూతురూ మీ ఇంట్లో ఉండం" అంది. అరవలేదు. అందుకే అతనికి భయమేసింది.

"లేవదు" అన్నాడు. కూతురి ముందు కింద కూర్చున్నాడు. "రేపే కొత్త ఫోను కొంటానమ్మా. బడివాళ్ల కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తాను."

"ఫోనొద్దు నాన్నా. సాయంత్రం ఇంటికొచ్చి ఏం జరిగిందో చెబితే, కొట్టకుండా చివరిదాకా వింటావా?"

అతను కూతురి మోకాళ్ల మీద తల ఆనించి, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా బావురుమన్నాడు. చాలాసేపటికి తలెత్తి కళ్లు తుడుచుకున్నాడు.

"మొదటి రోజు నుంచి చెప్పు తల్లీ."

కూతురు ఒకసారి అమ్మ వంక చూసింది. అమ్మ తలూపింది. వాచిన పెదవితోనే, ఆగి ఆగి, చెప్పడం మొదలుపెట్టింది.