దొర కడుపుతో ఉన్నాడు

ఉప్పల్ చౌరస్తాలో కరెంటు పోయింది!

సిగ్నల్ ఆరిపోయింది. బస్సులు, ఆటోలు, లారీలు... అన్నీ ఒకేసారి ముందుకు దూకాయి.

ఎస్తేర్ బ్రేకు వెయ్యలేదు. రెండు బస్సుల మధ్య సందులోకి స్కూటీని తోసేసింది.

కాళ్ల మధ్య థర్మాకోల్ పెట్టె. కుదుపు కుదుపుకీ లోపల నీళ్లు తొణుకుతున్నాయి. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి.

వెనక హారన్!

అద్దంలో చూసింది. నల్ల స్కార్పియో. కనకరాజు బండి!

"రా... రా బిడ్డా!" అని పళ్లు కొరికి నాచారం రోడ్డు ఎక్కింది.

పెట్టెలో పదకొండు సీహార్సులు. గుర్రం మూతి, చుట్ట చుట్టుకున్న తోక, వేలెడంత ఒళ్లు. చూస్తే బొమ్మలనుకుంటారు. కానీ వన్యప్రాణుల చట్టంలో వీటి చోటు పులి పక్కన. షెడ్యూల్ వన్! ఇంట్లో పెంచుకుంటూ దొరికితే మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు.

ఆ మూడేళ్లే ఆమె భర్త మోషే చర్లపల్లి జైల్లో లెక్కపెడుతున్నాడు.

చెయ్యని నేరానికి!

స్కార్ఫ్‌లో చెవి దగ్గర దోపుకున్న ఫోన్ మోగింది.

"ఏమే శాంతమ్మా! యాడికే తీస్కపోతున్నవ్? నాలుగు నెలల సంది నా ఇంట్ల పని జేసి, నా చేపల్నే ఎత్కపోతవా?"

"నేను శాంతమ్మను గాదు."

"మరెవ్వరే నువ్వు?"

"ఎస్తేర్‌ని. నాచారం మోషే పెండ్లాన్ని!"

 

అవతల నవ్వు. పగలబడి నవ్వు!

"అరెరె! మోషే పెండ్లానివా? ఎంత మంచిగ దొరికినవే! నీ మొగుణ్ని పట్టుకున్న మేడమ్ నంబర్ ఇంకా నా ఫోన్లనే ఉంది. గిప్పుడే కొడ్త. ఆ పెట్టె మాత్రం కింద పెట్టకు. నీ చేతుల్నే ఉండాలె!"

ఫోన్ కట్.

ఎస్తేర్ ఒళ్లు మండిపోతోంది. అయినా పెదాల మీద ఒక చిన్న నవ్వు.

కొట్టు. కొట్టరా ఫోను. నీకొచ్చిన విద్య అదొక్కటే కదా!

రెండేళ్ల కిందట కూడా ఇలాగే చేశాడు. తన ఇంటి మీద అటవీ శాఖ కన్ను పడిందని ముందే పసిగట్టాడు. ఇలాంటిదే ఒక పెట్టె తెచ్చి మోషే అక్వేరియం షాపులో పెట్టాడు. "రెండ్రోజులు ఉండనియ్యి తమ్మీ, ఇంట్ల ట్యాంకు లీకైతుంది" అన్నాడు. వీధి మలుపు దాటాడో లేదో, తనే ఫోన్ చేసి పట్టించాడు. మోషే మూత తీసి లోపల ఏముందో చూసేలోపే జీపు వచ్చి ఆగింది.

కోర్టులో కనకరాజు, వరండాలో ఏడుస్తున్న ఎస్తేర్‌ని కన్నెత్తి చూడకుండా లోపలికి పోయి, కళ్లద్దాలు తుడుచుకుంటూ ఏమన్నాడో తెలుసా? "సీహార్స్ అంటే ఏందో గూడ నాకు ఎరుక లేదు సార్!"

ఎరుక లేదట! దొంగ సచ్చినోడు!

వాడి ఇంట్లో ఆమె కళ్లారా చూసింది. హాల్లో అందరికీ కనిపించేలా బంగారు రంగు అరోవానా. "ఫారిన్ చేప. దీన్ని వైల్డ్‌లైఫ్ చట్టం ముట్టదు. అడిగితే కస్టమ్సోళ్లు అడగాలె, వాళ్లకు నా దగ్గర కాయితాలున్నయ్" అని వచ్చినవాళ్లందరి ముందూ మీసం దువ్వేవాడు. లోపల మూడో గదికి మాత్రం తాళం. తుడవడానికి ఎస్తేర్ ఒక్కతే వెళ్లాలి, అదీ అతను పక్కన నిలబడితేనే. సీహార్సులకి తిండి పెట్టనిదే తను అన్నం ముట్టడు. కన్నకొడుకుని "గాడిదా" అని పిలిచేవాడు, ఆ గాజుతొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని "నాన్నా... బంగారం..." అనేవాడు.

ఇవాళ ఆమె ఆ గది తుడుస్తుండగా అతను ఫోన్ అందుకుని గుమ్మం దాటాడు, ఆ బంగారాలే ఇప్పుడు ఆమె కాళ్ల మధ్య ఉన్నాయి.

బండి కీచుమంది. మోషే షాపు!

షట్టర్ సగం ఎత్తి, పెట్టెతో లోపలికి దూరింది. చీకటి. దుమ్ము వాసన. ఖాళీ తొట్లు. కొవ్వొత్తి వెలిగించింది. పెట్టె బల్ల మీద పెట్టి మూత తీసింది.

పదకొండూ కదులుతున్నాయి. హమ్మయ్య!

బయట స్కార్పియో తలుపులు ధన్ ధన్‌మన్నాయి. ముందు డ్రైవర్ బాలరాజు వచ్చి షట్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. వెనకే కనకరాజు వంగి లోపలికి వచ్చాడు. సెల్‌ఫోన్ వెలుగు తిన్నగా పెట్టె మీద పడింది.

ఆమె మొహం మీద కాదు. పెట్టె మీద!

"అన్నీ ఉన్నయా?" వేలితో లెక్కపెట్టబోయాడు. వెంటనే సర్దుకున్నాడు. "మొగుడు పోయిన తోవల్నే పోవాల్నని ఉందా నీకు?"

"నీవని ఒప్పుకో. మా ఆయన బయటికొస్తడు. నేను నోరు మూసుకుని పోత."

"నావా? ఏవి నావి?" నవ్వాడు. "నేను రోడ్డు మీద పోతున్న. షాపుల లైటు చూసి ఆగిన. అంతే!"

జీపు ఆగిన చప్పుడు!

టార్చిలైటుతో అటవీ శాఖ ఆఫీసర్ అనంతలక్ష్మి, వెనక ఇద్దరు గార్డులు. ఆమె కళ్లు షాపంతా తిరిగి ఎస్తేర్ మీద ఆగాయి. కోర్టు వరండాలో ఏడుస్తూ కూర్చున్న మనిషి గుర్తొచ్చినట్టుంది.

"నువ్వా?"

"నేనే మేడమ్."

"నేనే ఫోన్ జేసిన మేడమ్!" కనకరాజు చేతులు కట్టుకున్నాడు. "బాధ్యత గల పౌరుణ్ని. సూసుకుంట ఊర్కోలేక..."

"ఈ పెట్టె ఎవరిది?"

"నాకేమెరుక మేడమ్? ఆమె దగ్గర్నే ఉంది గదా!"

"మీది కాదు?"

"ఛ ఛ! అసలు గివేం చేపలో గూడ నాకు తెల్వదు."

ఎస్తేర్ బల్ల కింద నుంచి బకెట్ తీసింది. నిండా నీళ్లు.

"ఎవ్వరివీ గావా? అయితే సరే!"

బకెట్ ఎత్తింది. పెట్టె మీదకి వంచింది.

"ఏం చేస్తున్నావ్?" అనంతలక్ష్మి అరిచింది.

"నాచారం బోరు నీళ్లు మేడమ్. సముద్రపు జీవాలు గదా, మంచినీళ్లల్ల ఎంతసేపుంటయో సూద్దాం!"

ధార పడింది!

"ఆపవే!!"

కనకరాజు ఒక్క గెంతు గెంతాడు. గార్డుని తోసేశాడు. బల్ల మీద పడ్డాడు. రెండు చేతులూ పెట్టెలోకి దించి, ఉన్న అన్నింటినీ దోసిట్లోకి తీసుకోబోతున్నాడు.

"పొయ్యకే! సచ్చిపోతయ్! దొర కడుపుతోటున్నడే! నేడో రేపో కాన్పు! బాలరాజూ, బండిల ఉప్పు డబ్బా తేరా! జల్ది!"

"దొర ఎవరు?" అనంతలక్ష్మి అడిగింది. మెల్లగా.

"గిదే మేడమ్, గీ పెద్దది! వీట్ల మగదే కడుపు మోస్తది! ఏడాదిన్నర నుంచి సాదుకుంటున్న, నా చేత్తోని తినిపిచ్చిన... నావి మేడమ్! దొంగతనం జేసింది! నా ఇంట్ల నుంచి ఎత్కచ్చింది, దీని మీద కేసు రాయుండ్రి!"



కొవ్వొత్తి చిటపటమంది.

కనకరాజు దోసిలి అలాగే ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. అన్న మాట అప్పుడు వినబడింది అతనికి!

"అంటే... అట్ల గాదు మేడమ్... ఊర్కెనే అన్న..."

"ఇంతకుముందు ఏం చేపలో కూడా తెలియదన్నారు." అనంతలక్ష్మి నోట్‌బుక్ తీసింది. "ఇప్పుడు పేరు చెప్పారు. కాన్పు ఎప్పుడో చెప్పారు. ఇంట్లోంచి పోయాయన్నారు. సాక్షులం ముగ్గురం ఉన్నాం. పదండి, ఆ ఇల్లు చూద్దాం."

"మూడో గది మేడమ్" అంది ఎస్తేర్. "తాళంచెవి ఆయన మెడల గొలుసుకుంటది. ఇంకోటి చెప్పాలె. మా షాపుల అన్నీ మంచినీళ్ల చేపలే. ఆనాడు మీరు తనిఖీ జేసినప్పుడు ఒక్క పిడికెడన్నా సముద్రపుప్పు దొరికిందా? ఇవి రోజుకు నాలుగుసార్లు బతికున్న మేత తింటయ్. అదన్నా దొరికిందా? ఉప్పు లేకుంట, మేత లేకుంట మా ఆయన వీటిని ఎట్ల సాదుతడు? ఎవ్వరూ అడగలే. ఒక్కరన్నా అడగలే!"

అనంతలక్ష్మి తల దించుకుంది. "నిజమే. నేనే అడగాల్సింది." నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, "పెట్టె మోసుకొచ్చినందుకు నిన్ను కూడా విచారించాలి ఎస్తేర్" అంది.

"రాయుండ్రి మేడమ్. నా పేరే ముందు రాయుండ్రి!"

కనకరాజు ఇవేవీ వినడం లేదు. పెట్టె మీద పడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. చెంపల మీద నీళ్లు, గడ్డం మీద నీళ్లు. "పాపిష్టిదానా... మూగజీవాలే అవి... నీకు చేతులెట్లొచ్చినయే..."

గార్డు అతని రెక్క పట్టుకుని లేపాడు. మూతి మీది నీళ్లు నోట్లోకి జారాయి.

ఆగిపోయాడు.

నాలుకతో పెదవి మళ్లీ తడుముకున్నాడు. బకెట్ అంచున వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

ఉప్పన!

"గివి... గివి బోరు నీళ్లు గావు..."

"నీ ట్యాంకువే." ఎస్తేర్ బకెట్ కింద పెట్టింది. "వారం వారం కొన్ని తీసేసి కొత్తవి పోస్తవు గదా. తీసినవి పారబొయ్యమంటివి. నేను పారబొయ్యలే, ఈడ దాచిన."

పెట్టెలో దొర తోక విప్పాడు. మెల్లగా ఈదాడు. బతికే ఉన్నాడు. పదకొండూ బతికే ఉన్నాయి!

కనకరాజు గుడ్లప్పగించి చూశాడు. కళ్లలో ప్రాణం లేచొచ్చింది. అంతలోనే గార్డు అతని చేతులు వెనక్కి విరిచాడు.

"ఆనాడు జీపు ఎక్కినంక, గుంపుల నిలబడి సూస్తున్న నీతోని మా ఆయన ఒక్కటే మాటన్నడు, యాదికుందా?" ఎస్తేర్ అతని మొహంలోకి మొహం పెట్టింది. "'అన్నా, నీవని ఒక్కమాట జెప్పన్నా' అన్నడు. నువ్వు సప్పుడు జెయ్యకుంట నిలబడ్డవ్."

"ఎస్తేరూ... నీ కాళ్లు మొక్కుత... ఊర్కెనే అన్న అని మేడమ్‌కు జెప్పు... ఒక్కమాట..."

ఎస్తేర్ పెట్టెకు మూత పెట్టింది.

సప్పుడు చెయ్యలేదు.