పదహారు రిమ్ము, పదిహేను టైరు

2011 సెప్టెంబర్ 12. సోమవారం. ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలు.

నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే రోడ్డులో మొగిలయ్య టైర్ల షాపు. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల కంప్రెసర్ నడుస్తోంది. బయట వాన.

రాములమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని వంగి లోపలికి వెళ్లింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

భర్త నేలమీద బోర్లా పడి ఉన్నాడు. తల పక్కన ఇనుప రిమ్ము. ఆ పక్కనే నిలువునా చీలిపోయిన జీపు టైరు. గాలి పైపు ఒక్కటే బుసలు కొడుతోంది.

ఆమె కేకకు రోడ్డు అవతల టీకొట్టు సుబ్బులు పరుగెత్తుకొచ్చింది.

ఏడూ ఇరవై ఐదుకు ఎస్సై చంద్రిక జీపు దిగింది. ముప్ఫై ఏళ్ల మనిషి. భీమవరం నుంచి వచ్చి ఈ స్టేషన్‌లో చేరి నాలుగు నెలలు. ఆమె ఒంటిమీది రెయిన్‌కోటు ఇంకా తీయకముందే ఫోన్ మోగింది.

సీఐ గంగాధరరావు.

"ఏమైంది?"

"టైరు పేలినట్టుంది సార్. రిమ్ము తలకు తగిలింది."

"యాక్సిడెంటే. త్వరగా ముగించు. రేపట్నుంచి సమ్మె. సాయంత్రం ఐదుకల్లా నువ్వు ఉప్పల్ రింగ్‌రోడ్డు బందోబస్తులో ఉండాలి. ఫైలు నాలుగింటికి నా టేబుల్ మీద పెట్టు."

చంద్రిక మోకాళ్లమీద కూర్చుని పంచనామా రాసింది. శవం ఎలా పడి ఉంది, ఏ వస్తువు ఎంత దూరం. టైరు పక్కగోడ మీద అచ్చుపోసిన అంకెలు చూసి రాసింది: 235/75 ఆర్ 15. రిమ్ము మీద కొట్టిన అంకె చూసి రాసింది: 16. వాటి అర్థం ఆమెకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటు.

గాయం తల వెనక ఉంది. ముఖంమీద గీత కూడా లేదు.

"అమ్మా, ఆయన ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారు?"

"ఇరవై రెండేండ్ల సంది," అంది రాములమ్మ. ఏడుపు ఆపుకుంటూ గట్టిగా మాట్లాడుతోంది. "గాలి గొట్టేటప్పుడు ఎన్నడు టైరుకు ఎదురుంగ నిలబడలే మేడం. పక్కకు జరిగి గేజీ దిక్కే సూస్తడు. ఆయన చేతిల టైరు పేలిందంటే నేను నమ్మ."

"గాలి కొలిచే గేజీ పనిచేస్తోందా?"

ఆమె తల దించుకుంది. "ఖరాబైంది. మా తమ్ముడు రమేష్ బాగుజేయిస్తనన్నడు. మర్సిపోయిండు."

ఆ మాట పక్కనున్న కానిస్టేబుల్ విన్నాడు. ఐదు నిమిషాల్లో సీఐకి చేరింది.

ఉప్పల్‌లో ఉండే రమేష్ ఏడూ నలభైకి బైకు మీద వచ్చాడు. ముప్ఫై ఐదేళ్లవాడు. షాపులో బావకు తోడు. "బావా" అంటూ లోపలికి దూసుకుపోబోతే గుమ్మంలోనే ఆపారు. నిర్లక్ష్యంవల్ల మరణం అని కేసు పెట్టాలనీ, వెంటనే స్టేషన్‌కు తేవాలనీ సీఐ నుంచి ఆర్డరు వచ్చింది. వాడు శవం ముఖం కూడా సరిగా చూడలేదు.

జీపు ఎక్కుతూ చంద్రిక టీకొట్టు దగ్గర ఆగింది.

"కొట్టు ఎన్నింటికి తీశావ్?"

"ఐదున్నరకు," అంది సుబ్బులు.

"టైరు పేలిన చప్పుడు విన్నావా?"

"లేదు మేడం. మొన్న లారీ టైరు పేలితే నా గ్లాసులన్నీ గలగలమన్నయ్. ఇయ్యాల ఏం లేదు."

"షాపుకెవరైనా వచ్చారా?"

"మస్తు వాన మేడం. కొట్టు ముందరి బరకం పట్టా కిందికి దించి కట్టుకున్న. రోడ్డే కనవడలే."

చంద్రికకు కాలు నిలవలేదు. స్టేషన్‌లో కూర్చుంది, లేచింది. మళ్లీ కూర్చుంది. గోడ గడియారం తొమ్మిది, పది, పదకొండు దాటింది. మొగిలయ్య సెల్‌ఫోన్ తెరిచి చూసింది. ఆ ఉదయం ఒకే కాల్. 5:52. పేరు లక్ష్మీకాంత్ సారు. మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ ఓనరు.

ఫోన్ చేసింది.

"అవునండీ, షాపు తీశాడా అని అడిగాను," అన్నాడు అతను. "వాన పెరిగింది, వెళ్లలేదు. పాపం, మంచి మనిషి."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పదకొండూ ముప్ఫైకి ఒక పెద్దాయన స్టేషన్‌లోకి వచ్చాడు. తెల్ల మీసం, మడత నలగని చొక్కా. పేరు నరసింహమూర్తి. సైనిక్‌పురిలో ఇల్లు. ఆర్మీ బండ్ల వర్క్‌షాపులో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు.

"మొగిలయ్య పోయాడని ఇప్పుడే తెలిసిందమ్మా. ఈ సమయంలో అడగడం బాగుండదు. కానీ నా చక్రాలు రెండు ఆ షాపులో ఉన్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ జీపువి. కొత్త టైర్లు కొనిచ్చి ఎక్కించమన్నాను. నిన్న సాయంత్రం ఒకటి అయిపోయిందన్నాడు. రెండోది ఇవాళ చేస్తానన్నాడు."

"ఉండండి, చూస్తాను." చంద్రిక పంచనామా తిప్పింది. "కొత్త టైరు ఒకటి గోడకు ఆనించి ఉంది. రెండోది కనపడలేదే."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని కాగితం మీదికి వంగాడు. వేలితో ఒక లైను దగ్గర ఆగాడు.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే."

"తప్పు రాశారు."

"లేదండీ. చూసి రాశాను. రెండుసార్లు చూశాను."

నరసింహమూర్తి కళ్లజోడు తీశాడు. "అయితే ఆ టైరు ఆ రిమ్ము మీద పేలలేదు."

"ఎలా చెప్పగలరు?"

"టైరు మీద చివరి అంకె చూడండి. పదిహేను. అంటే లోపలి అడ్డకొలత పదిహేను అంగుళాలు. రిమ్ము పదహారు. టైరు అంచులో ఉక్కు తీగ ఉంటుంది, సాగదు. పదిహేను టైరు పదహారు రిమ్ము మీద ఎక్కనే ఎక్కదు. ఎక్కని టైరుకు గాలెలా కొడతారు? గాలి కొట్టని టైరు ఎలా పేలుతుంది?"

చంద్రిక లేచి నిలబడింది.

చప్పుడు వినపడకపోవడం. తల వెనక గాయం. తన చేత్తో తానే రాసుకున్న రెండు అంకెలు.

"మూర్తిగారూ, నాతో షాపుకు వస్తారా?"

పన్నెండూ పదికి ఇద్దరూ షాపులో ఉన్నారు. నరసింహమూర్తి చీలిన టైరును కాలితో తిప్పాడు. లోపలినుంచి మురికి నీళ్లు కారాయి.

"ఇది ఇవాళ పేలింది కాదు. వెనక తుక్కులో వానకు తడుస్తూ ఉన్నది. ఎవరో తెచ్చి పెట్టారు. ఈ రిమ్ము మాత్రం నాదే. మొగిలయ్య ఇంకా టైరు ఎక్కించని రెండోది. గోడకున్న కొత్త టైరు దీనికోసమే."

"మరి నిన్న పూర్తయిన చక్రం?"

ఇద్దరూ షాపంతా వెతికారు. లేదు.

చంద్రిక అటూ ఇటూ నడిచింది. టైర్ల పని తెలిసినవాడు ఈ రెంటినీ జత పెట్టడు. రమేష్‌కు పదేళ్ల అనుభవం. వాడికైతే చూడగానే తెలుస్తుంది. ఇది తెలియనివాడి పని. "తెలియనివాడు ఏం చూసి ఈ టైరు ఎంచుకున్నాడు?" అని పైకే అంది.

"ఎత్తు," అన్నాడు నరసింహమూర్తి. "నా కొత్త టైరు చూడండి. 235/70 ఆర్ 16. పదిహేను టైరుకు రబ్బరు గోడ కాస్త ఎక్కువ. దీనికి కాస్త తక్కువ. పక్కపక్కన నిలబెడితే రెండూ ఒకే ఎత్తు. రెండు మిల్లీమీటర్లు తేడా ఉంటుందేమో."

"మీ చక్రం ఇంకెవరి జీపుకైనా పడుతుందా?"

"నాది ఏ కంపెనీ జీపో, ఆ కంపెనీ పాత మోడలుకు పడుతుంది. దానికి పదిహేను రిమ్ములు వస్తాయి, కానీ నట్లు పడే రంధ్రాలు ఒకటే."

చంద్రిక స్టేషన్‌కు ఫోన్ చేసింది. "రమేష్‌కు ఫోనివ్వండి... రమేష్, మీ దగ్గరికి వచ్చే జీపుల్లో పదిహేను రిమ్ములవి ఎవరివి?"

"ఒక్కటే ఉంది మేడం. లక్ష్మీకాంత్ సారుది. ఆదివారాలు గుట్టలు, బురదల పొంటి తిప్పుతడు."

"దానికి స్టెప్నీ ఉందా?"

"ఉంది గాని పంక్చరై నెలాయె. తెమ్మని ఎన్నిసార్లు జెప్పినా తేలే. ఎందుకు మేడం? మా బావకు ఏమైంది జర చెప్పుండ్రి."

"చెప్తాను. నువ్వు కూడా రావాలి."

కారణం ఒక్కటే మిగిలింది. టైర్లు మార్చేవాణ్ణి ఎవరైనా ఎందుకు చంపుతారు?

అప్పుడు ఆమెకు స్టేషన్ బోర్డు మీది నోటీసు గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం ఆరున్నర. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు రోడ్డు. చెత్త ఏరుకుని ఇంటికి పోతున్న శాంతాబాయి అనే ఆమెను ఒక బండి గుద్ది చంపి ఆగకుండా పోయింది. బురదలో టైరు అచ్చులు దొరికాయి. జీపు టైర్లు. ఆ సంగతి నిన్నంతా టీవీలో కింద లైనుగా తిరిగింది.

రెండూ యాభైకి పోలీసు జీపు మల్లాపూర్‌లో ఆ ఫ్యాక్టరీ గేటు దాటింది. వెనక సీట్లో నరసింహమూర్తి, రమేష్. అంతకు రెండు నిమిషాల ముందు సీఐ ఫోన్ చేశాడు. చంద్రిక ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి.

రేకుల షెడ్డులో ఆకుపచ్చ జీపు. శుభ్రంగా కడిగి ఉంది. లక్ష్మీకాంత్ ఆఫీసు గదిలోంచి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చేతిలో కాఫీ కప్పు.

"ఏంటండీ ఇంతమంది?"

"చిన్న సందేహం. పొద్దున ఈ జీపు బయటికి తీశారా?"

"లేదన్నాను కదా."

"దీని టైరు సైజెంత?"

"235/75 ఆర్ 15."

"నాలుగూ అదేనా?"

"నాలుగూ అదే."

"ఒకసారి చూసి చెబుతారా?"

"చూడ్డానికేముందండీ? కనపడుతోంది కదా, అన్నీ ఒకే ఎత్తు."

రమేష్ అప్పటికే జీపు ముందుకు నడిచాడు. వంగి చూసే అవసరం కూడా రాలేదు వాడికి.

"మేడం, ముందరి ఎడమది. గిది పదహారు. గీ టైరు కొత్తది. మా బావ ఎక్కించింది. నట్లు మటుకు మా బావ బిగించినయ్ కాదు. ఆయనైతే ఒక్కటి గూడ గిట్ల వదులు పెట్టడు."

నరసింహమూర్తి జేబులోంచి టైర్ల వారంటీ కార్డు తీశాడు. సీరియల్ నంబరు పైకి చదివాడు. చంద్రిక టైరు మీది నంబరుతో పోల్చింది. ఒక్క అంకె తేడా లేదు.

"నిన్న సాయంత్రం ఈ చక్రం మొగిలయ్య షాపులో ఉంది," అందామె. "ఇవాళ పొద్దున ఆయన శవమయ్యాక అక్కడ లేదు. షాపుకు వెళ్లని మీ జీపుకు ఉంది. ఎలా?"

లక్ష్మీకాంత్ ఆ చక్రం మీదికి వంగి అంకె చదివాడు.

"నేను చెప్తాను. మీరు రెండుచోట్ల ఒకే తప్పు చేశారు. శవం పక్కన పెట్టడానికి ఒక రిమ్ము, ఒక టైరు కావాలి. ఎత్తు చూసి తెచ్చారు. అక్కణ్ణించి పారిపోవడానికి ఒక చక్రం కావాలి. అదీ ఎత్తు చూసే బిగించారు. బండి మామూలుగా నడిచింది కాబట్టి మీకు అనుమానం రాలేదు. ఈ పని తెలిసినవాడైతే ముందు అంకె చదువుతాడు. మీ అసలు చక్రం ఎక్కడుంది?"

అతను కాఫీ కప్పు జీపు బానెట్ మీద పెట్టాడు. కళ్లు షెడ్డు మూలకు పోయాయి. ప్లాస్టిక్ గింజల బస్తాలు దొంతరగా పేర్చి ఉన్నాయక్కడ.

కానిస్టేబుళ్లు బస్తాలు లాగారు. కింద ఒక పదిహేను రిమ్ము. దాన్నుంచి ఊడదీసిన టైరు. టైరు గాట్లలో గట్టిపడ్డ బురద. బురదలో ఆడవాళ్ల ఎర్ర చేతిగాజు ముక్క ఒకటి.

లక్ష్మీకాంత్ బస్తా మీద కూర్చున్నాడు.

"ఆ రోజు వాన పడుతోంది. ఆమె ఒక్కసారిగా అడ్డం వచ్చింది. ఆగుదామనుకున్నాను. ఆగలేదు. అచ్చులు దొరికాయని టీవీలో వేశారు. నాలుగు టైర్లూ మార్చేయాలనుకున్నాను. మొగిలయ్య మొదటిది ఊడదీశాడు. 'మంచిగున్న టైర్లు ఎందుకు మారుస్తున్నరు సారు' అన్నాడు. అంతలో ఈ గాజు ముక్క చూశాడు. నా ముఖం చూశాడు. ఏమీ అరవలేదు. 'పోలీసుల దగ్గరికి పోదాం సారు, నేను గూడ తోడొస్త' అన్నాడు. చేతులు తుడుచుకోవడానికి అటు తిరిగాడు."

"అప్పుడు కొట్టారు."

"అక్కడ టైర్లు ఊడదీసే ఇనుప లివరు ఉంది."

రమేష్ అతని మీదికి ఒక్క ఊపున వెళ్లాడు. నరసింహమూర్తి రెండు చేతులతో పట్టుకుని ఆపాడు. "వద్దు నాయనా," అన్నాడు. "మీ అక్కకు ఇప్పుడు నువ్వు కావాలి."

చంద్రిక ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"ఎక్కడున్నావ్? ఫైలేదీ?" సీఐ గొంతు పెరిగింది.

"సార్, సెక్షన్ మార్చాలి. హత్య. ముద్దాయి నా ముందున్నాడు. జవహర్‌నగర్ కేసు కూడా ఇతనిదే."

"సరే," అన్నాడు గంగాధరరావు నెమ్మదిగా. "ఆ కుర్రాణ్ణి వదిలెయ్. ఉప్పల్‌కు ఇంకొకళ్లను పంపుతాను."

నాలుగున్నరకు చంద్రిక రాములమ్మ ఇంటికి వెళ్లింది. ఒక్క గది ఇల్లు. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. రమేష్ అక్క పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

చంద్రిక కూడా నేలమీదే కూర్చుంది. జరిగినదంతా చెప్పింది. ఏదీ దాచలేదు. మొగిలయ్య చివరి మాట కూడా చెప్పింది.

రాములమ్మ కళ్లు తుడుచుకోకుండా విన్నది.

"ఆయన తోడొస్తనన్నడా?"

"అవునమ్మా."

"అంటడు. ఆయన గట్లనే అంటడు." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత చంద్రికవైపు తిరిగింది. "గా శాంతాబాయికి పిల్లలున్నరా మేడం?"

"ఇద్దరు ఆడపిల్లలు."

"వాళ్లకు చెప్పిన్రా? గుద్దినోడు దొరికిండని?"

"ఇంకా లేదు."

"అయితే ఈడ కూసున్నరేంది?" అంది రాములమ్మ. "పోయి చెప్పుండ్రి. పొద్దుగూకకముందే చెప్పుండ్రి."

చంద్రిక లేచింది.