ఏటికి పోని శాలువా

తల్లి పోయి నాలుగు రోజులైనా పని ఆగదు. మెల్చోరా పెరట్లో మంచుకి బిగిసిన ఆలుగడ్డల్ని నిలవకి ఎండబెట్టేందుకు కాళ్లతో తొక్కి నీరు పిండుతోంది. ఐదో రోజున, అంటే రేపు, చచ్చిపోయినావిడ బట్టలన్నీ ఏటికి తీసుకెళ్లి ఉతకాలి. ఉతికితేనే పోయినవాళ్లు వాటిని వదులుతారు.

అప్పుడొచ్చాడు బొమ్మలు గీసే దొర, కంచరగాడిద మీద. కొండ ఆడవాళ్ల కట్టూ బొట్టూ గీసి సముద్రం అవతలి రాజుగారికి పంపుతాడట. ఆ ఆడవాళ్లు తిన్నారో లేదో రాజుగారికి అక్కర్లేదు, బట్టలు మాత్రం చూడాలి!

"పాతకాలపు కట్టు కావాలి. మీ భూస్వామి నీ పేరే చెప్పాడు."

"ఉన్నది ఒక్కటే జత దొరా, మా అమ్మది. రేపు ఉతికాక..."

"రేపటికి నేను కనుమ దాటాలి."

కాదంటే భూస్వామి ఆలుగడ్డల మడి లాక్కుంటాడు. మెల్చోరా తల్లి బట్టల మూట విప్పింది. పక్కింటి గ్రెగోరియా లబోదిబోమంది.

"ఓసి నీ బుద్ధి మండా! ఆవిడింకా ఆ బట్టల్లోనే ఉందే!"

"ఏం చెయ్యనత్తా? మడి పోతే ఉర్పికేం పెట్టను?"

ఆరేళ్ల ఉర్పి గడప మీద కూర్చుని అమ్మనే చూస్తోంది.

నల్లచీర చుట్టుకుని, ఎర్రశాలువా కప్పుకుని, అది జారకుండా గుండె దగ్గర వెండి సూది గుచ్చి పెట్టుకుంది మెల్చోరా. తల్లి జ్వరపు చెమట వాసన గుప్పుమంది.

"కదలకు," అన్నాడు దొర.

పొగమంచు పెరట్లోకి దిగింది. కుక్కలు అరవడం మానేశాయి. కాగితం మీద కుంచె చప్పుడొక్కటే... శాలువా మెల్లగా బిగుస్తోంది. గాలికేమో అనుకుంది. గాలి లేదు. వద్దు దొరా, చాలు అనబోయింది. శాలువా ఇంకా బిగిసింది.

ఉర్పి లేచి వచ్చింది. ముఖం విప్పారింది.

"అవ్వా!"

చెయ్యి చాచింది. మెల్చోరా చేతులు శాలువా లోపలే ఉన్నాయి. అయినా పిల్ల వేళ్లు దేన్నో పట్టుకుని ముడుచుకున్నాయి.

దొర కుంచె ఆగింది. బొమ్మలో ఉన్నది ముసలి ముఖం. పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని, చిన్నపిల్ల.

"పిల్లని నేను గీయలేదే..." అని గొణిగాడు. రంగులు ఆరకుండానే కాగితం చుట్టేసి, వెనక్కి చూడకుండా కనుమ వైపు పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లిద్దరూ బట్టలు ఏట్లో ఉతికారు. గ్రెగోరియా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవి సరే. ఆ కాగితంలో ఉన్నవాటిని ఎవరే ఉతికేది?"

ఇంటికొచ్చేసరికి ఉర్పి లేదు. కనుమ దారిలో దొరికింది, కుడిచెయ్యి పైకెత్తి నడుస్తూ. ఎత్తుకొచ్చారు. ఆ చెయ్యి కిందికి దిగలేదు. వదలగానే మళ్లీ అదే దారి.

"ఎక్కడికే తల్లీ?"

"అవ్వ లాగుతోందమ్మా. నొప్పిగా ఉంది. వదలమని చెప్పవూ?"

ఎవరికి చెప్పాలి? మెల్చోరా ఏడుస్తూనే నేత నడికట్టు తెచ్చింది. ఒక కొస పిల్ల నడుముకి, ఇంకో కొస తన నడుముకి మూడేసి ముళ్లు వేసింది. పిల్లని ఒళ్లో అదుముకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంక కదలదు. చచ్చినా కదలదు.

కనుమ మీద ఎక్కడో కంచరగాడిద మెడగంట మోగింది.

నడికట్టు బిగుసుకుంది. ఉర్పి ఒళ్లోంచి జారింది. మెల్చోరా రెండు మడమలూ నేలకి తన్నిపెట్టింది. అయినా మట్టిలో రెండు చాళ్లు పడ్డాయి... గుమ్మం దాకా.