ఊపిరి బిందె

మధ్యాహ్నం రెండు దాటినా తవిటమ్మ ఇంట్లో ఊపిరిబిందె అడుగు కూడా నిండలేదు.

ఆ దశాబ్దంలో ఏడో ఉప్పెన వచ్చి వెళ్లి నాలుగు నెలలయింది. బావులన్నీ ఉప్పు తేలాయి. అందుకే ప్రతి ఇంటి కప్పుకూ గాలినీటి పొర అతికించారు. మనిషి ఊపిరి వెచ్చగా తగిలితే ఆ పొర పువ్వులా విచ్చుకుంటుంది. సముద్రపు గాలిలోని చెమ్మను లాగి, ఉప్పు వడగట్టి, బొట్టుబొట్టుగా బిందెలోకి జారుస్తుంది. మనుషులున్న చోటే నీరు పుట్టాలని దాన్ని అలా తయారుచేశారు. మాట్లాడితే ఎక్కువ నీళ్లు, నవ్వితే ఇంకా ఎక్కువ.

తవిటమ్మ ఒక్కతే ఉంటోంది. పడవ మీద వెళ్లిన భర్త తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఆమె మాట్లాడటం మానేసింది. సాయంత్రానికి బిందె సగమైనా నిండకపోతే పట్నంలోని ఆశ్రయానికి తీసుకుపోతామని నీటి అధికారి పొద్దున చెప్పి వెళ్లాడు. ఆ ఇంటి గుమ్మంలో కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. దాన్ని వదిలి ఎక్కడికీ పోవడం ఆమె వల్ల కాదు.

పక్కింటి పైడితల్లి తలుపు తోసుకుని వచ్చింది. వెనక మరో ఐదుగురు ఆడవాళ్లు, చిరిగిన వలలతో.

"ఏటి వదినా, మూగనోము పట్టీసినావా? మా ఇంట్లో సోటు నేదు. ఈ వలలు ఇక్కడే బాగుసేసుకుంటాం."

"సోటు నేకేటి! మొగుడి గురక పడనేక వచ్చీసింది," అంది అందరిలో పెద్దదైన కొర్లమ్మ.

"ఆ గురకకే మా బిందె పొంగి ఈదిలో పారతంది, తెలుసా?" అంది పైడితల్లి.

అందరూ పకపకా నవ్వారు. కప్పు కింద పొర విచ్చుకుని లేత నీలంగా మెరిసింది. చినుకుల చప్పుడు మొదలైంది. వాళ్ల మాటలే నీళ్లయి రాలుతున్నట్టు తోచింది తవిటమ్మకు. ఎవరో ఆమె ఒళ్లో వల కొస పడేశారు. ఆమె వేళ్లు వాటంతటవే ముడులు వేయసాగాయి.

సాయంత్రం అధికారి వచ్చాడు. బిందె నిండుగా ఉంది. చేతిలోని తెరపలక చూసి కనుబొమలు ముడిచాడు.

"ఈ ఇంట్లో ఏడుగురు ఉంటున్నట్టు చూపిస్తోంది. మీరొక్కరే కదా అమ్మా?"

పైడితల్లి తల దించుకుంది.

తవిటమ్మ గొంతు సవరించుకుంది.

"ఒక్కదాన్నేటి బాబూ? ఏడుగురం. రాసుకో."

అతడు ఆ ముఖాలన్నీ ఒకసారి చూసి, అలాగే రాసుకుని వెళ్లిపోయాడు.

"మాటొచ్చీసింది, బిందె నిండీసింది. ఇంక మనమెందుకే? పదండి," అంది కొర్లమ్మ.

ఎవరూ లేవలేదు.